యంత్రం చేసే తప్పును దిద్దేదెలా?

స్క్రూగేజితో తీగ మందం కొలిచే ముందు మీరు శూన్యాంశ దోషం చూస్తారు కదా! దోషం ఎంతో తెలిస్తే లెక్కలో సవరించుకోవచ్చు. లోహాన్ని తమంతట తామే కోసే యంత్రాల్లోనూ ఈ సూత్రమే పనిచేస్తుంది.

మామూలు మిల్లింగ్ యంత్రాన్ని పనివాడు చేతి చక్రాలు తిప్పి నడుపుతాడు. అంకెలతో నడిచే యంత్రంలో ఆ చక్రాల పని మోటార్లు చేస్తాయి. కోత పనిముట్టు ఏ బిందువు నుంచి ఏ బిందువుకు, ఎంత వేగంతో కదలాలో అంకెల్లో రాసి ఇస్తారు. అమెరికాలో హెలికాప్టర్ రెక్కల తయారీ కోసం జాన్ పార్సన్స్ చేసిన ఆలోచన దీనికి నాంది. 1952లో మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో ఇలాంటి యంత్రాన్ని నడిపి చూపించారు. అప్పట్లో ఆజ్ఞలను రంధ్రాలు పొడిచిన పట్టీ ద్వారా అందించేవారు.

అయితే యంత్రానికి వివేకం లేదు. 5 మి.మీ. లోతు అనవలసినచోట 50 అని రాస్తే, 50 మి.మీ. దిగడానికే ప్రయత్నిస్తుంది. పనిముట్టు విరగవచ్చు, ఖరీదైన దిమ్మ పాడవవచ్చు, దగ్గర ఉన్నవారికి గాయాలూ కావచ్చు.

అందుకే ముందుగా కంప్యూటర్ తెరపై కోసి చూస్తారు. దీనినే అనుకరణ లేదా సిమ్యులేషన్ అంటారు. దిమ్మ, పనిముట్టు, దిమ్మను బిగించిన పట్లు, వీటి ఆకారాలన్నీ కంప్యూటర్‌కు ఇస్తారు. పనిముట్టు కదిలిన మేరకు దిమ్మ ఆకారం నుంచి ఆ భాగాన్ని కంప్యూటర్ తీసివేస్తూ పోతుంది. మిగిలిన ఆకారాన్ని కావలసిన ఆకారంతో పోలుస్తుంది. పనిముట్టు పట్టుకు తగిలేటట్లుంటే హెచ్చరిస్తుంది.

తెరపై సరిగా వస్తే చాలునా? చాలదు. తెరమీది యంత్రం వేడెక్కదు, అసలు యంత్రం వేడెక్కుతుంది. దాని బల్లను జరిపే ఉక్కు మర 500 మి.మీ. పొడవుందనుకోండి. ఉక్కు దైర్ఘ్య వ్యాకోచ గుణకం డిగ్రీ సెల్సియస్‌కు సుమారు 0.000012. ఉష్ణోగ్రత 5 డిగ్రీలు పెరిగితే,

500 × 0.000012 × 5 = 0.03 మి.మీ.

ఇది చిన్నదే అనిపిస్తుంది. కాని బేరింగు బిగుతుగా కూర్చోవలసిన రంధ్రం ఇంత పెద్దదైతే, ఆ బేరింగు వదులైపోతుంది.

దీనికి విరుగుడు కొలతే. యంత్రం వాస్తవంగా ఎంత జరిగిందో లేజర్ కాంతితో అంచెలంచెలుగా కొలిచి, తేడాలను పట్టికగా కంప్యూటర్‌కు ఇస్తారు. మర 0.03 మి.మీ. ఎక్కువ జరుపుతూంటే, కంప్యూటర్ అంత తగ్గించి ఆజ్ఞ ఇస్తుంది. దిశ మారినప్పుడు మరలోని వదులు వల్ల కలిగే దోషాన్నీ ఇలాగే సవరిస్తుంది. వేడి మారుతూ ఉంటుంది కనుక ఉష్ణోగ్రతను కొలిచే సాధనాలను కూడా అమరుస్తారు.

ఒక్క సంగతి మరువకండి. ప్రతిసారీ ఒకేవిధంగా వచ్చే దోషాన్నే ఇలా ముందుగా లెక్కగట్టి సవరించగలం. పట్టు వదులై దిమ్మ ఒకసారి ఇటు, ఒకసారి అటు జరిగితే ఏ పట్టికా ఆదుకోదు. అక్కడ దోషాన్ని కాదు, దాని కారణాన్నే తొలగించాలి. అందువల్లనే తయారైన వస్తువును చివర కొలిచి చూడడం ఈనాటికీ తప్పదు.

మీరే చేయండి: మర పొడవు 800 మి.మీ., ఉష్ణోగ్రత పెరుగుదల 4 డిగ్రీలు అయితే వ్యాకోచం ఎంత? (జవాబు: 0.0384 మి.మీ.)