కారు గది కన్నవాళ్ల గది కావాలంటే

చి.ల.సౌ. మేనకోడలికి మావయ్య ఆశీస్సులు.

ఫ్రీమాంట్‌లో ఇల్లు కొన్న కొద్దికాలానికే గ్యారేజీని గదిగా మార్చాలన్న ఆలోచన ఎందుకొచ్చిందో తెలుస్తూనే ఉంది. అక్కయ్యా బావగారూ వేసవిలో వస్తున్నారు. విజిటర్ వీసా మీద వచ్చేవాళ్లకు మామూలుగా ఇచ్చే గడువు ఆరు నెలలు. అన్నాళ్లూ పొద్దునా రాత్రీ మేడ మెట్లెక్కి దిగడం బావగారి మోకాళ్లతో అయ్యే పని కాదు. కింద పడగ్గది లేదు. ఉన్నదల్లా రెండు కార్లు పట్టే గ్యారేజీ. అందులో కార్లు తప్ప తక్కినవన్నీ ఉన్నాయి: సూట్‌కేసులు, బియ్యం బస్తాలు, బొమ్మల కొలువు పెట్టెలు, ఇంకా విప్పని ఐకియా అట్టపెట్టెలు.

ఇది ఆ ఒక్క ఇంటి సంగతి కాదు. లాస్ ఏంజిలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పరిశోధకులు 2001 నుంచి 2005 దాకా అక్కడి 32 మధ్యతరగతి కుటుంబాల ఇళ్లను గది గదీ పరిశీలించారు. నాలుగు గ్యారేజీల్లో మూడింట్లో కారు పెట్టే చోటే కనిపించలేదు. రెండు కార్ల గ్యారేజీ ఉన్న ఇంట్లో దాదాపు 400 చదరపు అడుగులు ఇలా సామాన్ల పాలవుతున్నాయి. విజయవాడలో ఆ జాగాలో ఒక చిన్న కుటుంబం కాపురమే చేస్తుంది. కాబట్టి ఆలోచన మంచిదే. అయితే ఆ గది ఎవరికోసమో ముందు నిర్ణయించుకుని, తర్వాత పని మొదలుపెట్టాలి.

గ్యారేజీ అనగానే కాలిఫోర్నియాలో అందరూ పాలో ఆల్టోలోని 367 అడిసన్ అవెన్యూ పేరే చెబుతారు. 1938లో డేవిడ్ ప్యాకర్డ్ దంపతులు ఆ ఇంటి కింది వాటాను నెలకు 45 డాలర్లకు అద్దెకు తీసుకున్నారు. పెరట్లో 12 అడుగుల వెడల్పు, 18 అడుగుల పొడవు ఉన్న గ్యారేజీలో ఆయనా, బిల్ హ్యూలెట్టూ (హ్యూలెట్-ప్యాకర్డ్ కంపెనీ వీళ్లదే) కలిసి ఆడియో ఆసిలేటర్ తయారుచేశారు. వాటిలో ఎనిమిదింటిని వాల్ట్ డిస్నీ స్టూడియో కొన్నది. ఇప్పుడా చోటు సిలికాన్ వ్యాలీ జన్మస్థలంగా రాష్ట్ర చారిత్రక స్థలాల జాబితాలో ఉంది. ఆ కథలో ఎవరూ పట్టించుకోని ముక్క ఒకటుంది: హ్యూలెట్ పడుకున్నది ఆ గ్యారేజీలో కాదు, పక్కనున్న షెడ్డులో. గ్యారేజీని పనికి వాడుకున్నారు. స్వెట్టరు వేసుకుని పగలంతా టంకం పని చేసుకోవడానికి సరిపోయే చోటు, డెబ్బయ్యేళ్ల మనిషి రాత్రి నిద్రకు సరిపోదు. గ్యారేజీలో చెమ్మ, వేడి, పొగ, చీకటి అన్నీ ఉంటాయి. కారు వాటిని భరిస్తుంది. మనిషి భరించలేడు.

భరించాల్సివచ్చినవాళ్లూ ఉన్నారు. 1987లో లాస్ ఏంజిలిస్ టైమ్స్ పత్రిక సర్వే చేసి, ఆ కౌంటీలో దాదాపు 42,000 గ్యారేజీల్లో 2 లక్షల మంది దాకా తలదాచుకుంటున్నారని అంచనా వేసింది. పర్మిట్ లేదు, కిటికీ లేదు, ఎక్స్‌టెన్షన్ వైరుతో లాగిన కరెంటు. అలాంటి చోట రాత్రి నిప్పంటుకుంటే బయటపడే దారి ఉండదు. పర్మిట్ ఎందుకు, గుట్టుగా ఒక గోడ కట్టేసుకుంటే చాలదా అని సలహా ఇచ్చేవాళ్లు మన తెలుగు వాట్సాప్ గుంపుల్లో ఎప్పుడూ ఉంటారు. వాళ్ల మాట వినొద్దు తల్లీ. ఇన్‌స్పెక్టర్ వచ్చి చూసేది నిద్రపోతున్న మనిషి ప్రాణం గురించి. పైగా రేపు ఇల్లు అమ్మేటప్పుడు పర్మిట్ లేకుండా చేసిన మార్పులేమైనా ఉన్నాయా అని కాలిఫోర్నియాలో అమ్మకందారు నింపే ఫారంలోనే అడుగుతారు.

చట్టం ఇప్పుడు ఇంటివాళ్ల పక్షానే ఉంది. అదనపు నివాసాలను, అంటే అందరూ ఏడీయూ అంటున్నవాటిని, సులువు చేసే చట్టాలు 2017లో ఊపందుకుని 2020 జనవరి 1 నుంచి బాగా బలపడ్డాయి. గ్యారేజీని ఏడీయూగా మారిస్తే, పోయిన పార్కింగ్‌కి బదులు ఇంకో పార్కింగ్ చూపించమని నగరం అడగకూడదు. దరఖాస్తు అన్నివిధాలా పూర్తయ్యాక 60 రోజుల్లో నిర్ణయం చెప్పాలి. 750 చదరపు అడుగుల లోపైతే ఊరి సౌకర్యాల కోసం వసూలు చేసే ఇంపాక్ట్ ఫీజులుండవు. కాలనీ సంఘం అసలు కట్టనివ్వమంటే ఆ నిషేధం చెల్లదు. ఇక్కడ చాలామంది తడబడే చోటు ఒకటుంది. ఇంటికి ఇంకో పడగ్గది కలుపుకుంటున్నామని మామూలు పర్మిట్‌కి వెళితే పార్కింగ్ విషయంలో పై రక్షణ వర్తించదు. చాలా నగరాలు కారుకి నీడ ఎక్కడ అని అడుగుతాయి. ఏడీయూల్లో జూనియర్ తరహా కూడా ఒకటుంది. అది 500 చదరపు అడుగుల లోపు ఉండాలి, బాత్‌రూము ఇంటితో పంచుకోవచ్చు. అర్ధరాత్రి లేచి హాలంతా దాటి వెళ్లడం బావగారికి కష్టం కనుక సొంత బాత్‌రూముతో పూర్తి ఏడీయూకే వెళ్లడం మంచిది. ఆస్తి పన్ను గురించి అల్లుడు దిగులుపడుతున్నాడట. 1978 నాటి ప్రొపొజిషన్ 13 ప్రకారం కొత్తగా చేసిన పని విలువ మేరకే మదింపు పెరుగుతుంది, ఇల్లంతటికీ కాదు.

ఇక నేల సంగతి. డబ్బు ముందు ఇక్కడ పోయాలి.

గ్యారేజీ నేలను కావాలనే పెద్ద తలుపు వైపు వాలుగా పోస్తారు, కారు మీంచి కారిన నీళ్లు బయటికి పోవాలని. ఇంటి నేలకన్నా అది ఒకటి రెండు మెట్లు కిందికి ఉంటుంది. పాత ఇళ్లలో ఆ కాంక్రీటు కింద తేమను ఆపే ప్లాస్టిక్ పొర ఉందో లేదో నమ్మకం లేదు. మిల్పిటాస్‌లో తెలిసిన ఒక కుటుంబం ఎండాకాలంలో కాంక్రీటు మీద నేరుగా లామినేట్ పలకలు పరిచేసింది. చూడ్డానికి ముచ్చటగా ఉండేది. జనవరి వానలకి పలకల అంచులు ఉబ్బి లేచాయి, మంచం కింద బూజు వాసన మొదలైంది. పరీక్ష చేయడం తేలికే: 18 అంగుళాల చదరపు ప్లాస్టిక్ కాగితాన్ని నేలమీద పరిచి నాలుగు అంచులూ టేపుతో గాలి చొరకుండా అంటించాలి. కనీసం 16 గంటలు అలాగే వదిలేసి ఎత్తి చూడాలి. కింద నీటి బొట్లున్నా, కాంక్రీటు నల్లబడి ఉన్నా తేమ పైకి వస్తోందని అర్థం. ఇది వానల రోజుల్లోనే చేయాలి. జులైలో చేస్తే ఏ నేలైనా పొడిగానే కనిపిస్తుంది. రెండు మూడు చోట్ల చేయాలి, అందులో ఒకటి పెద్ద తలుపు దగ్గర తప్పకుండా ఉండాలి.

తేమ సంగతి తేలాక నేలను ఎత్తుచేయాలి. తేమ ఆపే పొర, దానిమీద వాలుకి తగ్గట్టు చెక్కిన చెక్క దూలాలు, వాటి మధ్య ఇన్సులేషన్, పైన ప్లైవుడ్. ఇలా చేస్తే నేల ఇంటి మట్టానికి వస్తుంది, కాళ్లకు చల్లదనం తగలదు, పైపులకు కింద చోటూ దొరుకుతుంది. బావగారు కర్ర పట్టుకుని నడిచినా తట్టుకునే మెట్టు ఉండదు. నేల ఎత్తాక పైకప్పు కనీసం 7 అడుగుల ఎత్తులో మిగలాలన్నది నిబంధన. అందుకే కొలతలు ముందే తీయాలి.

పెద్ద తలుపు తీసేసిన చోట గోడ కట్టేముందు దాని కింద పునాది ఉందో లేదో చూడాలి. చాలా గ్యారేజీల్లో ఆ 16 అడుగుల మేర చుట్టూ ఉన్నంత పునాది ఉండదు. అక్కడ కాంక్రీటు కట్టు పోసి, చెక్క చట్రం దానిమీద నిలబడేలా చేయాలి. చెక్క నేరుగా డ్రైవ్‌వే మట్టానికి దిగితే వాననీరూ చెదలూ రెండూ వస్తాయి. డ్రైవ్‌వే ఇంటివైపు వాలి ఉంటే గోడ ముందు అడ్డంగా కాలువ కూడా తప్పదు.

వేడి సంగతి చూస్తే, ఆ గ్యారేజీ పడమటి ముఖం. గోడల చెక్క చట్రాల మధ్య లోతు మూడున్నర అంగుళాలే, పాత ఇళ్లలో అదీ ఖాళీగా ఉంటుంది. గోడల్లోనూ, అంతకన్నా ముఖ్యంగా పైకప్పులోనూ ఇన్సులేషన్ దట్టంగా నింపాలి. ఇంటి ఏసీ గొట్టాన్ని ఇటు లాగుదామని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. చాలా ఇళ్లలో ఆ యంత్రానికి అంత శక్తి ఉండదు. పైగా అక్కయ్యకు చలి, పిల్లలకు ఉక్క. విడిగా ఒక మినీ స్ప్లిట్ ఏసీ పెడితే రిమోట్ వాళ్ల చేతిలోనే ఉంటుంది.

కిటికీ విషయంలో అంకెలు గుర్తుంచుకో. పడగ్గదిలోంచి నిప్పు వేళ మనిషి బయటికి దూకగలిగే కిటికీ ఒకటి ఉండి తీరాలి. తెరిచినప్పుడు వెడల్పు 20 అంగుళాలకూ, ఎత్తు 24 అంగుళాలకూ తగ్గకూడదు, అడుగు అంచు నేలనుంచి 44 అంగుళాలు దాటకూడదు. కానీ 20కి 24 పెడితే చాలదు, ఎందుకంటే నేలమట్టం గదికి మొత్తం ఖాళీ కనీసం 5 చదరపు అడుగులుండాలి. వెడల్పు 20 అయితే ఎత్తు 36 కావాలన్నమాట. కొట్టువాడు చెప్పే సైజు చట్రంతో కలిపి ఉంటుంది. కొలవాల్సింది తెరిచాక మిగిలే ఖాళీని. బావగారి వయసుకి అంచు ఇంకా కిందికి ఉంటేనే నయం. ఇంకా మంచిది, ఆ గదికి ఎలాగూ బయటి తలుపు కావాలి కాబట్టి దాన్ని మంచానికి దగ్గరగా పెట్టడం.

మూలనున్న గ్యాస్ వాటర్ హీటర్‌ను అక్కడే ఉంచి చుట్టూ తెర కట్టేద్దామన్న మాట ఫోన్లో వినిపించింది. అది కుదరదు. మనుషులు నిద్రపోయే గదిలోని గాలినే పీల్చుకుని మండే హీటర్ ఉండకూడదు, పొగగొట్టం ఏమాత్రం సడలినా కార్బన్ మోనాక్సైడ్ గదిలోకే వస్తుంది. దాన్ని బయటి గోడకు మార్చాలి, లేదా కరెంటుతో నడిచే హీట్ పంపు వాటర్ హీటర్ పెట్టుకోవాలి. పొగ అలారం, కార్బన్ మోనాక్సైడ్ అలారం రెండూ ఎలాగూ తప్పనిసరి. ఇంటి కరెంటు ప్యానెల్ 100 ఆంపియర్లదైతే హీట్ పంపు, ఇండక్షన్ పొయ్యి, కారు చార్జరు అన్నీ దానిమీద వేసేముందు ఎలక్ట్రీషియన్ చేత లోడు లెక్క వేయించాలి.

బాత్‌రూము ఎక్కడ అన్నది మురుగు పైపే నిర్ణయిస్తుంది. అడుగు దూరానికి పావు అంగుళం వాలు కావాలి. అంటే 20 అడుగుల దూరానికి 5 అంగుళాల పల్లం. ఇంటి వంటగదికో, బట్టల మిషనుకో ఆనుకున్న గోడ వైపే బాత్‌రూము పెడితే కాంక్రీటు తవ్వకం తగ్గుతుంది. దూరపు మూలలో పెడితే పంపు పెట్టాల్సివస్తుంది, అది ఎప్పుడు ఆగినా పండగ రోజే ఆగుతుంది. షవరుకి గట్టు లేకుండా చూసి, పట్టుకోవడానికి కమ్మీలు బిగించేందుకు గోడలో ముందే చెక్క దిమ్మలు వేయించాలి. టైల్స్ అంటించాక గోడ పగలగొట్టించడం ఎవరికీ ఇష్టం ఉండదు.

పూర్తి ఏడీయూ అంటే వంటిల్లు కూడా ఉంటుంది కాబట్టి, ఆ విషయంలో అక్కయ్యను అడగాలి. బే ఏరియాలో చాలా తెలుగు ఇళ్లలో ఇల్లంతా వాసన పట్టకుండా గ్యారేజీలోనే ఒక పొయ్యి పెట్టి వేపుళ్లూ, అప్పడాలూ, చేపల పులుసూ కానిస్తుంటారు. ఆ పొయ్యి ఇప్పుడు పడగ్గదిలోకి వస్తుంది కాబట్టి పొగ తిప్పి గదిలోకే వదిలే చిమ్నీ పనికిరాదు, గోడ బయటికి గొట్టం పెట్టినదే కావాలి. పొద్దున్నే ఎవరినీ లేపకుండా తన కాఫీ తాను కలుపుకోగలగడం, తన తాలింపు తాను వేసుకోగలగడం ఆ మనిషికి ఎంత ముఖ్యమో కూతురుకి తెలియనిది కాదు. తాను కారు నడపలేని ఊళ్లో ఆమె చేతిలో మిగిలే స్వతంత్రం అదొక్కటే.

ఇంకొక మాట, ఇది ఏ నిబంధనల పుస్తకంలోనూ ఉండదు. అమెరికా ఇళ్లలో వీధివైపున్న అసలైన చోటు గ్యారేజీదే, హాలు కాదు. పెద్ద తలుపు ఉన్న చోటంతా గోడ కట్టేయకుండా సగం మేరకు పెద్ద కిటికీ పెట్టించి, దాని ముందు డ్రైవ్‌వేలో కొంత ఎత్తుచేసి రెండు కుర్చీలు పట్టేలా నీడ వేయిస్తే, బావగారికి తెనాలి ఇంటి అరుగు దొరికినట్టే. బడి పిల్లలు కనిపిస్తారు, పోస్టు వ్యాను కనిపిస్తుంది, సాయంత్రం నడకకు వచ్చిన ఇంకో తెలుగాయన ఆగి పలకరిస్తాడు. ఇక్కడికొచ్చిన పెద్దవాళ్లలో కొందరు నెల తిరక్కుండానే వెళ్లిపోతామనేది పెరటివైపు గదుల్లో కూర్చోబెట్టినందుకే. పడమటి ఎండకు పైన ఒక చూరు, లోపల మందపాటి కర్టెను చాలు.

సామాను సంగతి తేలికే. ఏడాదిగా తెరవని పెట్టెలు ఇచ్చేయాల్సినవి. బొమ్మల కొలువు పెట్టెలకు మాత్రం పెరట్లో చిన్న షెడ్డు వేయించు.

ఇదంతా జూన్‌కి అయిపోతుందన్న కాంట్రాక్టరు మాట పట్టుకుని టికెట్లు బుక్ చేయొద్దు. ప్లాను గీయడం, నగరం చూడడం, దిద్దిన ప్లాను మళ్లీ ఇవ్వడం, తవ్వకం, ఒక్కో దశకీ ఇన్‌స్పెక్షను. తొందరలో గోడలు మూసేస్తే లోపలి పని చూడడానికి మళ్లీ తెరవమంటారు. అక్కయ్యావాళ్లను దసరాకి రమ్మందాం, ఆ మాట తనతో ఈ మావయ్యే చెబుతాడు. ఈ శనివారం వాన పడుతుందంటున్నారు కాబట్టి ఆదివారం పొద్దున ప్లాస్టిక్ కాగితాలు అంటించి, సోమవారం ఎత్తి ఫొటోలు పంపు. వాటితోపాటు గ్యారేజీ నాలుగు మూలల్లో నేలనుంచి పైకప్పుకి ఎత్తు, ఇంటిలోంచి దిగే మెట్టు ఎత్తు, ప్యానెల్ మీదున్న ఆంపియర్ల అంకె, ముందు తోటలో మురుగు పైపు మూత ఎక్కడుందో కూడా రాసి పంపు. అవి చూశాక ప్లాను గీసేవాళ్లను ఏం అడగాలో మాట్లాడుకుందాం.

ఆశీస్సులతో,
మావయ్య