ఫెర్రెట్ చేసిన మేలు

ఫెర్రెట్ చిన్న మాంసాహార జంతువు. సన్నగా, పొడవుగా, చూడడానికి ముంగిసలా ఉంటుంది. యూరప్ ప్రజలు పూర్వం కుందేళ్ల వేటకు దీన్ని పెంచేవారు. ఇన్‌ఫ్లుయెంజా జ్వరం రహస్యం తెలిసింది ఈ జంతువు వల్లనే.

1918లో ఆ జ్వరం ప్రపంచమంతా వ్యాపించి కోట్లమందిని బలిగొన్నది. ఒక బాక్టీరియాయే దానికి కారణమని చాలామంది వైద్యులు నమ్మారు.

1933లో లండన్‌లో మళ్లీ జ్వరం వచ్చింది. అక్కడి జాతీయ వైద్య పరిశోధనా సంస్థలో విల్సన్ స్మిత్, క్రిస్టఫర్ ఆండ్రూస్, పాట్రిక్ లెయిడ్‌లా పరిశోధన ప్రారంభించారు. రోగులు పుక్కిలించిన నీటిని బాక్టీరియా దాటలేనంత సన్నని వడపోత గుండా పంపారు. ఆ నీటితో ఎన్నో జంతువులకు జబ్బు తెప్పించాలని చూసినా ఫలితం లేకపోయింది. కుక్కల జబ్బును పరిశీలించడానికి ఆ సంస్థలో అంతకుముందే ఫెర్రెట్లను వాడేవారు. వాటి ముక్కులో ఆ నీటి చుక్కలు వేశారు. రెండు రోజులకు అవి జ్వరంతో తుమ్మసాగాయి. దీనితో జబ్బుకు కారణం బాక్టీరియా కన్నా చిన్నదైన వైరస్ అని తేలింది.

1936లో జబ్బుపడిన ఒక ఫెర్రెట్ చార్లెస్ స్టువర్ట్ హారిస్ అనే వైద్యుని ముఖం మీద తుమ్మింది. రెండు రోజుల్లో ఆయనకూ జ్వరం వచ్చింది. ఆయన గొంతులో అదే వైరస్ దొరికింది.

మనిషి జబ్బు ఫెర్రెట్‌కు కూడా సోకుతుంది. అందుచేత జలుబు ఉన్న పనివారు వాటి గదిలోకి వెళ్లకూడదు. వెళితే జంతువు బాధపడుతుంది, ప్రయోగమూ చెడుతుంది. ఫెర్రెట్లు రోజులో ఎక్కువ భాగం నిద్రపోతాయి. దూరి పడుకోవడానికి వాటికి చీకటి గూళ్లు కావాలి. తిన్నది త్వరగా అరుగుతుంది కనుక మేత ఎప్పుడూ అందుబాటులో ఉంచాలి. ఎండవేడిని అవి తట్టుకోలేవు. సాధారణంగా తోడు కోరుకుంటాయి.

1959లో ఇంగ్లండుకు చెందిన రస్సెల్, బర్చ్ అనే శాస్త్రజ్ఞులు మూడు నియమాలు చెప్పారు. జంతువు లేకుండా పని జరిగితే జంతువును వాడరాదు. వాడక తప్పకపోతే వీలైనంత తక్కువ వాటిని వాడాలి. వాటికి బాధ తగ్గించాలి.

ఏటా ఇన్‌ఫ్లుయెంజా టీకాలో చేర్చవలసిన వైరస్‌లను ఎంచుకోవడానికి నేటికీ ఫెర్రెట్ల రక్తపరీక్షలు తోడ్పడుతున్నాయి. టీకా వేయించుకొనేవారికి ఈ మూగజీవి కనిపించదు. దానిని చూసుకొనే బాధ్యత ప్రయోగశాలలోని వారిదే.

ప్రశ్నలు
1. పుక్కిలించిన నీటిని ఎందుకు వడకట్టారు?
2. జలుబు ఉన్నవారు ఫెర్రెట్ల గదిలోకి ఎందుకు వెళ్లకూడదు?
3. మూడు నియమాలను మీ సొంత మాటల్లో రాయండి.