జ్ఞానదంతం: కుర్చీ ఎక్కే ముందు

ప్రశ్న: నా వయసు 22. మాది తంబళ్లపల్లె, చదివేది మదనపల్లెలో. కింది దవడ చివరి పన్ను సగమే బయటికొచ్చింది. ఆరు నెలల్లో రెండుసార్లు బుగ్గ వాచి నోరు తెరుచుకోలేదు. కోసి తీయాలన్నారు. ముందు రోజు రాత్రి నుంచే ఏమీ తినకూడదంటోంది మా అవ్వ. నిజమేనా? వచ్చే నెల పరీక్షలు కూడా ఉన్నాయి.

జవాబు: మీ అవ్వ చెప్పింది ఒక రకం మత్తుకే వర్తిస్తుంది. నిద్రపుచ్చి తీసేట్టయితే ఆరు గంటల ముందు నుంచి అన్నం, టిఫిను, పాలు మానాలి. మంచినీళ్లు రెండు గంటల ముందు వరకు తాగొచ్చు. కానీ చాలామందికి పన్ను దగ్గర సూది వేసి, ఆ పక్క మాత్రమే మొద్దుబార్చి తీస్తారు. దానికి తినే రావాలి. ఒక్కపొద్దుండి వచ్చి, సూది చూడగానే కళ్లు తిరిగి పడిపోయే కుర్రాళ్లు మాకు కొత్త కాదు. పైగా తీశాక మూడు నాలుగు గంటలు పెదవి మొద్దుబారే ఉంటుంది. అప్పుడు తింటే పెదవిని కొరుక్కున్నా తెలియదు. కాబట్టి మీకు ఏ మత్తు ఇస్తారో ముందే అడగండి.

సగం వచ్చిన పన్ను మీద చిగురు మూతలా ఉంటుంది. దాని కింద మెతుకులు ఇరుక్కుని చీము పడుతుంది. మీ బుగ్గ వాచింది అందుకే. వాపు మీదున్నప్పుడు మొద్దుబార్చే మందు సరిగా పట్టదు కాబట్టి ముందు దాన్ని తగ్గిస్తారు. ఆ రోజుల్లో వేడి కాపడం పెట్టొద్దు, పొగాకు పొడి అద్దొద్దు. నొప్పి మాత్రను చిగురు మీద ఉంచుకునేవాళ్లు కూడా ఉన్నారు. దాంతో చిగురు కాలి తెల్లబడుతుంది. గోరువెచ్చని ఉప్పునీళ్లతో పుక్కిలించండి, చాలు. జ్వరం వచ్చినా, మింగడం కష్టమైనా అపాయింట్‌మెంటు కోసం ఆగకుండా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి.

దవడ మొత్తం కనిపించే ఎక్స్‌రే తీశారా? కింది పెదవికి స్పర్శనిచ్చే నరం ఆ పన్ను వేళ్ల కిందుగా పోతుంది. మీ పన్ను దానికెంత దగ్గరో డాక్టరును బొమ్మ మీద చూపించమనండి. ఆ ప్రశ్నకు విసుక్కునే డాక్టరు దగ్గర నేనైతే తీయించుకోను.

ఇక పరీక్షలు. వాపు రెండో మూడో రోజున బాగా పెరుగుతుంది, కుట్లు విప్పడానికి వారం పడుతుంది. పరీక్షలకు రెండు వారాల ముందైనా, అవి అయ్యాకైనా పెట్టుకోండి. రాగి జావ, పెరుగన్నం, పల్చగా కలిపిన సంగటి ఇంట్లో ముందే అనుకుని ఉంచండి, చల్లార్చి తినండి. ఊరుబిండి కొన్నాళ్లు వద్దు, దాంట్లోని చెనిక్కాయ పలుకులు గుంటలో దూరతాయి. జావ గ్లాసుతో తాగండి, స్ట్రాతో పీల్చొద్దు. పీల్చినా, గట్టిగా ఉమ్మినా గుంటలో గడ్డకట్టిన రక్తం ఊడిపోతుంది. అది ఊడితే ఎముక బయటపడి, మూడో నాలుగో రోజున చెవి దాకా లాగే నొప్పి మొదలవుతుంది. సిగరెట్ తాగేవాళ్లకు ఈ బెడద ఎక్కువ. తాగుతారో లేదో మీరు రాయలేదు, నేను అడగను. తాగేట్టయితే ఇవాళే ఆపండి.

ప్రశ్న: మా ఆయనకు 54 ఏళ్లు, టమాటా మార్కెట్లో హమాలీ. రెండేళ్ల కింద గుండెకు స్టెంట్ వేశారు. రక్తం పల్చబడే మాత్రలు, బీపీ, షుగర్ మాత్రలు వాడుతున్నారు. పన్ను తీసే నాలుగు రోజుల ముందు అన్నీ ఆపాలంటున్నారు చుట్టుపక్కలవాళ్లు.

జవాబు: ఆపొద్దమ్మా. పన్ను తీసిన చోట రక్తం కారితే దూది గుడ్డ ఒత్తి, కుట్టు వేసి ఆపగలం. స్టెంటులో రక్తం గడ్డకడితే ప్రాణం మీదికొస్తుంది. మార్చాలో వద్దో గుండె డాక్టరు, పళ్ల డాక్టరు మాట్లాడుకుని చెప్పాలి. పేర్లు గుర్తుపెట్టుకోనక్కర్లేదు, మాత్రల అట్టలన్నీ ఒక సంచిలో వేసుకుని వెళ్లండి. ఎముకల బలానికి సూదులో మాత్రలో వాడి ఉంటే అదీ చెప్పండి, వాటివల్ల దవడ ఎముక మానకపోయే ప్రమాదం ఉంది. సూదితో మొద్దుబార్చే తీస్తామంటే పొద్దుటి సమయం అడగండి. టిఫిను తిని, బీపీ, షుగర్ మాత్రలు ఎప్పటిలాగే వేసుకుని రమ్మనండి. వారం పాటు బుట్టలు ఎత్తకూడదు. ఆ వారం కూలి పోతుందని నాకు తెలుసు. అందుకే మార్కెట్లో సరుకు తక్కువుండే రోజులు చూసుకోండి. నిద్రపుచ్చి తీయాల్సి వస్తే పెద్దాసుపత్రికే వెళ్లాలి. కడపలో ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఉంది.

ప్రశ్న: పై పన్ను పీకితే కంటిచూపు పోతుందా?

జవాబు: పోదు. పళ్ల నరం వేరు, చూపు నరం వేరు. పళ్లూడే వయసూ చత్వారం వచ్చే వయసూ దగ్గరదగ్గరగా ఉండటంతో ఈ మాట పుట్టి ఉంటుంది.

ప్రశ్న: శివరాత్రికి మల్లయ్యకొండ ఎక్కి, జాగారం ఉంటానని మొక్కుకున్నాను. నాలుగు రోజుల ముందు పన్ను తీయించుకోవచ్చా?

జవాబు: వద్దు. నొప్పి మాత్రలు ఖాళీ కడుపున వేసుకుంటే కడుపు మండుతుంది, కొండెక్కే ఆయాసానికి మళ్లీ రక్తం కారొచ్చు. ఇప్పుడు వాపూ నొప్పీ లేవంటే మొక్కు తీర్చుకుని, ఒకరోజు కడుపునిండా తిని, నిద్రపోయి, ఆ తర్వాత వెళ్లండి.