పిల్లలకు దొరికిపోయిన మ్యాజిక్కు

ప్రశ్న: మాది జగ్గయ్యపేట. ఇంటర్ మొదటి సంవత్సరం. యూట్యూబ్ చూసి పది మ్యాజిక్కులు నేర్చుకున్నాను. నందిగామలో మా మేనమామ కొడుకు పుట్టినరోజున చేస్తే ఇద్దరు పిల్లలు పట్టేశారు. స్టేజీ ఎక్కాలంటే ఏం చేయాలి?

జవాబు: పట్టేసినవాళ్లకు థాంక్స్ చెప్పు బాబూ. పెద్దవాళ్లయితే మర్యాదకైనా చప్పట్లు కొడతారు.

పది వద్దు, మూడు చాలు. ముందు పది రూపాయల బిళ్లతో మొదలుపెట్టు. 27 మిల్లీమీటర్ల వెడల్పు కాబట్టి మధ్యవేలు, ఉంగరపువేలు మొదట్లో చక్కగా ఒదుగుతుంది. కుడిచేతి బిళ్లను ఎడమచేతిలో వేసినట్టు నటించి, ఎడమ గుప్పిటనే చూడు. చాలామంది దొరికిపోయేది ఇక్కడే. చెయ్యి బాగానే చేస్తుంది, కళ్లే కుడివైపు పోతాయి. ఒకసారి నిజంగానే వేసి, రెండోసారి అచ్చం అలాగే నటించు. అద్దం కన్నా ఫోన్ వీడియో మేలు. అసలు పని జరిగే క్షణంలో రెప్ప వేస్తే అద్దం నీకు చెప్పదు.

ఇక మాట. బి.వి.పట్టాభిరామ్ గారు ఇంద్రజాలికుడిగా పేరు తెచ్చుకుని, తర్వాత వ్యక్తిత్వ వికాస రచయితగానూ అంత పేరు సంపాదించారు. మాట ఉన్నవాడికే అది సాధ్యం.

మొదట కాలేజీ వార్షికోత్సవంలో ఐదు నిమిషాలు అడుగు. పెనుగంచిప్రోలు తిరునాళ్ల లాంటి చోట నాలుగు వైపులా జనమే, వెనక నిలబడ్డవాడికి అంతా కనిపిస్తుంది. అది తర్వాత. నిప్పు, బ్లేడ్ల జోలికి అసలు పోకు. మహిమలున్నాయని చెప్పుకోకు.

నెల తర్వాత ఆ ఇద్దరు పిల్లలకే చేసి చూపించి, ఏమన్నారో రాయి.