సిరికొండ చెరువులలో కొర్రమీను సంతానం – గాలపు వేట

తొలకరి వరద చెరువులో చేరిన కొన్నాళ్లకు, శిఖం వైపు తుంగ పెరిగిన లోతులేని నీటిలో ఎర్రని చేపపిల్లల గుంపు గాలి కోసం పైకి తేలి మునుగుతూ కనిపిస్తుంది. అనుభవజ్ఞుడైన వేటగాడు గాలాన్ని సరిగ్గా ఆ గుంపు మధ్యనే వేస్తాడు. ఆకలి లేకున్నా, పిల్లలను కాచే కొర్రమీను ఎరపై విరుచుకుపడుతుంది. చిక్కేది ఒక చేప; కాపలా పోయిన గుంపును జెల్లలు, కప్పలు, పక్షులు త్వరలోనే పొట్టన పెట్టుకుంటాయి.

బోధన్ ప్రాంతానికి 1931లో పూర్తయిన నిజాంసాగర్ కాలువ నీరు ఉంది. సిరికొండ మండల చెరువులకు ప్రధానాధారం వర్షమే. ఎండాకాలంలో నీరు తగ్గితే బొచ్చె, రవ్వ, మిర్గలు నిలువవు. వాటి పిల్లలను ఏటేటా మళ్లీ వదలవలసిందే. గాలిని నేరుగా పీల్చగల కొర్రమీను మాత్రం తేమ గల బురదలో దాగి వానల వరకు బ్రతకగలదు. ఇది చేపపిల్లలను తింటుంది కనుక, వాటిని వదిలే ముందు దీనిని తొలగించాలని మన పాఠ్యగ్రంథాలు చెబుతాయి. పెంపకపు కుంటలకు ఆ సూచన సరైనదే. ఊరి చెరువుకు దానిని యథాతథంగా వర్తింపజేయడం పొరపాటని నా అభిప్రాయం: అంగడిలో అధిక ధర పలికేదీ, తెలంగాణ రాష్ట్ర చేపగా గుర్తింపు పొందినదీ ఇదే గదా!

వేటాడే చేపను పూర్తిగా నిర్మూలించకుండా నియంత్రించడం ఇతర దేశాలలోనూ ఉన్నదే. ఐర్లాండు సరస్సులలో పైక్ అనే చేప ఇటువంటిదే. 2006లో అక్కడ తెచ్చిన నిబంధన ప్రకారం గాలం వేసేవారు రోజుకు ఒక్క పైక్‌నే, అదీ 50 సెం.మీ. మించనిదానినే చంపవచ్చు, అధికంగా గుడ్లు పెట్టే పెద్ద చేపలను నీటిలోనే వదలాలి. మనకు పొడవు కంటె కాలం ముఖ్యం. కొర్రమీను గుడ్లు నీటిపై తేలి సుమారు ఒక రోజులో పొదుగుతాయి. ఆ తరువాత కొన్ని వారాలు కాపలా సాగుతుంది.

మేము సస్యశాస్త్రవేత్తలం చెరువును ఆయకట్టు ఎకరాలతోనే కొలుస్తాము. ఈ లెక్క మాకు ఆలస్యంగా తెలిసింది. చెరువును ఆనుకొన్న వరి మడులలోనికి కూడా ఈ పిల్లలు చేరుతాయి. కార్బోఫ్యూరాన్ గుళికలు వేసిన మడి నీటిని చెరువులోనికి వదిలితే గాలం అవసరమే లేదు.

విస్తరణ సిబ్బంది మత్స్యకార సంఘాలకు చూపదగిన గుర్తు సులభమైనది. పిల్లలు ఎర్రగా, గుంపుగా ఉన్నంతకాలం అక్కడ గాలం వేయరాదు. ఎరుపు పోయి, ఒళ్లు ముదురు రంగుకు తిరిగి, గుంపు చెదిరిన తరువాత తల్లిదండ్రులు కాపలా విడుస్తాయి. ఆపై వల చొరబడని తుంగలో గాలమే తగిన సాధనం.