ఎర్తింగ్ ఉన్నా షాకెందుకు?

ప్రశ్న: చిక్కపేట సందులో మాకు చీరల కవర్లు ప్రింటు చేసే చిన్న యూనిట్ ఉంది. సంక్రాంతి దాటిన దగ్గర్నుంచి మధ్యాహ్నం పూట ప్లాస్టిక్ రీలు దగ్గరికి వెళ్తే చేతి మీద రోమాలు నిక్కబొడుచుకుంటున్నాయి, షాక్ కొడుతోంది. ఎలక్ట్రీషియన్ లీకేజీ లేదన్నాడు, కొత్తగా ఎర్తింగ్ కూడా వేశాడు. అయినా తగ్గలేదు. వానాకాలంలో ఈ బాధ లేదు. ఇంకులో థిన్నర్ కలుపుతాం కాబట్టి భయంగా ఉంది.
– ఒక పాఠకుడు, బెంగళూరు

జవాబు: మీ ఎలక్ట్రీషియన్ సరిగ్గానే చెప్పాడండీ. ఇది తీగలోంచి వచ్చిన కరెంటు కాదు, రీలు విప్పుతుంటే పుట్టిన స్థిర విద్యుత్తు. బడిలో గాజుకడ్డీని పట్టుగుడ్డతో రుద్ది కాగితం ముక్కల్ని ఎగరేయించారు కదా, పట్టుచీరల పేటలో ఉన్నవారికి ఆ పాఠం వేరే గుర్తుచెయ్యాలా! మీ యంత్రం పొద్దస్తమానం ఆ పనే చేస్తోంది. వానాకాలంలో తేమ ప్లాస్టిక్ మీద పల్చగా పట్టి ఆవేశాన్ని జారవిడుస్తుంది. ఫిబ్రవరి, మార్చి నెలల్లో బెంగళూరు మధ్యాహ్నాలు పొడిగా ఉంటాయి, ఆ దారి మూసుకుపోతుంది.

మరి ఎర్తింగ్ ఏం చేస్తున్నట్టు? ఇనుములో చేరినదాన్ని నేలలోకి పంపుతుంది. ప్లాస్టిక్‌లో ఆవేశం కదలదు కాబట్టి తీగ తగిలిన చోటిదే పోతుంది, పక్కది అలాగే ఉంటుంది. అలాగని ఎర్తింగ్ తీసేయకండి. ఎర్తు లేని ఇనుప రోలరు ప్లాస్టిక్ కంటే ప్రమాదం: దాచుకున్నదంతా ఒక్క రవ్వలో వదిలేస్తుంది.

ముందు కొలవండి. చేతిలో పట్టుకునే స్టాటిక్ మీటర్లు దొరుకుతాయి. తాకించక్కర్లేదు, దాని మీద రాసిన దూరంలో, సాధారణంగా అంగుళం ఎడంగా, పట్టుకుంటే చాలు. చాలామంది పొరపాటు చేసేది ఇక్కడే. ప్లాస్టిక్ రోలరును ఆనుకుని ఉన్నచోట కొలిస్తే అంకె తక్కువ చూపిస్తుంది, మనం నిశ్చింతగా ఉండిపోతాం. రెండు రోలర్ల మధ్య గాలిలో సాగేచోట పట్టండి. రోజూ అదే చోట, ఉదయం ఒకసారి, మధ్యాహ్నం మూడింటికి ఒకసారి కొలిచి, పక్కనే గదిలోని తేమ శాతం కూడా చిట్టాలో రాయండి. నెల తిరిగేసరికి ఏ పూట జాగ్రత్తపడాలో ఆ చిట్టాయే చెబుతుంది.

మీ భయం సబబే. మనిషికి షాక్ తెలియాలంటేనే దాదాపు 3,000 వోల్టులు కావాలి. 10,000 వోల్టులు ఎక్కిన ఒంటి నుంచి దూకే రవ్వలో సుమారు 5 మిల్లీజౌళ్లుంటాయి. థిన్నర్లలో వాడే టోలుయిన్ ఆవిరి అంటుకోవడానికి పావు మిల్లీజౌల్ చాలు. అందుకని థిన్నర్‌ను ప్లాస్టిక్ బకెట్లో ఉంచకండి. మూత ఉన్న ఇనుప డబ్బాలో పోసి, దానికీ ఎర్తు ఇవ్వండి. కిటికీలు తెరవండి. రీలు విప్పుకున్న తర్వాత, ఇంకు తగలక ముందు, ప్లాస్టిక్‌కు తగిలీ తగలనట్టు ఎర్తు చేసిన రాగి తీగల కుచ్చు కట్టండి. ఖర్చు తక్కువ, గుణం ఎక్కువ. కరెంటుతో నడిచే అయోనైజర్ బార్ కొంటే మాత్రం, థిన్నర్ ఆవిరి ఉండే చోట వాడొచ్చని ధ్రువీకరించినదే కొనండి.

ప్రశ్న: ఎస్పీ రోడ్డులో మొబైళ్లు రిపేరు చేస్తాను. ఎప్పుడూ షాక్ కొట్టలేదు, అయినా బోర్డులు పోతున్నాయి. స్టాటిక్ వల్లేనా?
– ఇంకో పాఠకుడు

జవాబు: కావచ్చు. మీ వేలికి 3,000 వోల్టులైతేగాని తెలియదు, కొన్ని చిప్పులు 100 వోల్టులకే పోతాయి. మణికట్టు పట్టీ కట్టుకోండి. అందులో 1 మెగోమ్ నిరోధకం ఉంటుంది, పొరపాటున మెయిన్స్ తగిలినా ప్రాణానికి ముప్పు రాకుండా. దాన్ని తీసేసి మామూలు తీగ కట్టుకునే తెలివితేటలు వద్దు. పట్టీ తీగ లోపల తెగినా పైకి కనిపించదు కాబట్టి, పొద్దున్నే కొట్టు తెరవగానే మల్టీమీటరుతో ఒకసారి చూసుకోండి.