వేన్నీళ్లకు కరెంటా, ఎండా?



చలికాలంలో తెల్లవారగానే మన ఇళ్లలో గీజరు స్విచ్చి వేస్తాము. నెలాఖరున బిల్లు చూసి బెంగపడతాము. ఎండతో నీళ్లు కాచుకునే సోలార్ హీటరు మన ఇంటికి తగినదేనా? ఈ వారం ఈ ప్రశ్నను పరిశీలిద్దాము.

సాధనమూ, గమ్యమూ

స్నానానికి మనకు కావలసినది వేడి. కరెంటు దానికి ఒక సాధనం మాత్రమే. రామగుండంలోనో ఇబ్రహీంపట్నంలోనో బొగ్గు మండించి, నీటిని ఆవిరి చేసి, ఆ ఆవిరితో టర్బైను తిప్పి కరెంటు పుట్టిస్తారు. బొగ్గులోని వేడిలో ఇంచుమించు మూడో వంతే కరెంటుగా మారుతుంది. దానిని ఇంటికి తెచ్చుకుని మళ్లీ వేడిగా మారుస్తున్నాము! డాబా మీద పడే ఎండ ఈ తిరుగుడంతా లేకుండానే వేడినిస్తుంది.

లెక్క చూద్దాము

100 లీటర్ల నీటిని 30 డిగ్రీలు వేడెక్కించడానికి సుమారు 3.5 యూనిట్లు కావాలి. రోజూ కాస్తే నెలకు 105 యూనిట్లు. మన రెండు రాష్ట్రాలలోను గృహాలకు శ్లాబుల పద్ధతి ఉన్నది గనుక, ఆదా అయ్యేవి ఎక్కువ ధర పలికే పై శ్లాబు యూనిట్లే. నలుగురున్న కుటుంబానికి సాధారణంగా 100 లీటర్ల హీటరు సరిపోతుంది.

పనిచేసే తీరు

ఎండకు వేడెక్కిన నీరు తేలికై పైకి పోతుంది. చల్లని నీరు బరువుతో కిందికి దిగుతుంది. అందుకే హీటరు ట్యాంకును పలకకు పైభాగాన అమర్చుతారు. మోటారు అవసరం లేదు. ట్యాంకు చుట్టూ ఫోమ్ పొర ఉండటం వలన సాయంత్రం వేడి మరునాటి ఉదయానికీ నిలుస్తుంది.

కొనే ముందు గమనించవలసినవి

1. దక్షిణ ముఖంగా, నీడ పడని చోటు సుమారు 2 చదరపు మీటర్లు ఉండాలి. నీటి బరువే 100 కిలోలు. రేకుల కప్పు మీద పెట్టరాదు.

2. చన్నీళ్ల ట్యాంకు హీటరు ట్యాంకు కంటే ఎత్తున ఉండాలి.

3. గొట్టం పొడవైతే దానిలో చల్లారిన నీరు రోజూ వృథా అవుతుంది. గొట్టానికి తొడుగు వేయించండి.

4. బోరునీరు గట్టిదైతే రాగి గొట్టాలలో సున్నం పేరుకుంటుంది. అటువంటి చోట గాజు గొట్టాల రకం శుభ్రం చేయడం సులువు.

5. ముసురు రోజులకు ట్యాంకులో కరెంటు రాడ్డు పెట్టించుకోవచ్చును. కాని అది రాత్రంతా ఆన్‌లో ఉంటే ఆదా అంతా పోయినట్లే.

2024లో మొదలైన పి.ఎం. సూర్య ఘర్ పథకం రాయితీ కరెంటు పుట్టించే పలకలకే గాని, నీళ్ల హీటరుకు కాదు. ఈ రెండింటిని కలిపి చెప్పే అమ్మకందారు మాట నమ్మవద్దు.

ఎవరికి తగదు?

కోస్తాలో ఏడాదికి రెండు మూడు నెలలే వేన్నీళ్లు వాడే ఇద్దరు మనుషుల ఇంటికి పెట్టుబడి తిరిగి రావడానికి చాలా ఏళ్లు పడుతుంది. అద్దె ఇంటివారు యజమానితో మాట్లాడకుండా తొందరపడరాదు. పసిపిల్లలు, వృద్ధులు, బాలింతలు ఉండి ఏడాది పొడవునా వేన్నీళ్లు కావలసిన ఇంటికి మాత్రం ఇది నిజమైన మేలు.

చివరిగా రెండు జాగ్రత్తలు. సోలార్ నీళ్లు మండువేసవిలో ఒళ్లు కాలేంత వేడిగా వస్తాయి. పిల్లల బకెట్టులో ముందు చన్నీళ్లు పోయండి. ఇమ్మర్షన్ రాడ్డు వాడేవారు ప్లగ్గు తీసిన తరువాతే నీళ్లలో చెయ్యి పెట్టాలి. పోయిన ప్రాణాన్ని ఏ ఆదా తిరిగి తేలేదు.

ఈ ఆదివారం ఇంటిల్లిపాది కూర్చుని, గత పన్నెండు నెలల బిల్లులు ముందు పెట్టుకుని లెక్క వేయండి. ఆ తరువాతే దుకాణానికి వెళ్లండి.